కూర్మమ్మ వేసిన గొళ్ళెం

తెల్లారగట్ల కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కూర్మమ్మకి వాకిట్లో తన ముగ్గు కనిపించలేదు. ముగ్గు ఉండాల్సిన చోట కుక్క అడుగులు అటూ ఇటూ తిరిగి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాయి. వాటి చివర మేస్త్రీ కూర్చుని, ముక్కుకి అంటిన ముగ్గుపిండితో తోక ఊపుతోంది.

“ఓలమ్మో! ఒసే ఝాన్సీ, బేగి రాయే! మీ మేస్త్రీ సేసిన పని సూడు. రోజూ ఇదే బాగోతం. రేపటినుంచి ముగ్గు దాన్నే ఎట్టమను!”

ఝాన్సీ ఇడ్లీ పిండి గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. చూసి నవ్వాపుకోలేకపోయింది.

“ఎట్టేసింది కదత్తా! నువ్వు మెలికలేసావు, అది సుక్కలెట్టింది.”

“నవ్వవే, నవ్వు. పొద్దున్నే లచ్చిందేవి లోపలికి రావాలా, కుక్క రావాలా?”

ఆ మాటకి కుక్కే ముందు లేచి, ఒళ్ళంతా ఊగిపోతూ కూర్మమ్మ వైపు వచ్చింది. ఆవిడ గబుక్కున చీపురు అడ్డం పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. “ఆగక్కడ! ఒసే, పిలవవే దాన్ని!” అంది. ఆ గొంతులో ఉన్నది కోపమే అనుకుంది ఝాన్సీ. ఆ ఇంట్లో అందరూ అలాగే అనుకునేవారు.

మేస్త్రీ ఝాన్సీ తండ్రి అప్పలసూరి పెంచిన కుక్క. నరసన్నపేటకి అవతల ఒక పల్లెలో ఆయనకి కొద్దిగా పొలం ఉండేది. చాలా ఏళ్ళ కిందట ఊడుపుల రోజుల్లో ఎక్కడినుంచో వచ్చి చేరిన గోధుమరంగు పిల్ల, కూలీలు నాట్లు వేస్తుంటే గట్టు మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ ఉండేదట. “ఇదెవలే, మనకి కొత్త మేస్త్రీ!” అని ఆడవాళ్ళు నవ్వితే, ఆ పేరే ఉండిపోయింది. కిందటేడు ఆయన గుండెపోటుతో పోయాడు. ఝాన్సీ తల్లి హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. అద్దె ఫ్లాటులో కుక్కని ఉంచనివ్వరు. ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. ఖాళీ ఇంటి అరుగు మీద, అప్పలసూరి చెప్పుల పక్కన పడుకుని ఉన్న కుక్కని చూశాక ఝాన్సీ ఎవరి మాటా వినలేదు. ఆటోలో ఎక్కించుకుని నరసన్నపేటలో అత్తవారింటికి తెచ్చేసింది.

భర్త తిరుమలరావుకి హైవే దగ్గర ఎరువుల దుకాణం. కుక్కని చూసి, “ఉండనీ, దానికేటి, ఇంత ముద్ద పడేస్తే సరిపోద్ది” అన్నాడు. కూర్మమ్మ మాత్రం ఆ పూట అన్నం తినలేదు. ఆఖరికి కొడుకు బతిమాలితే షరతులు పెట్టింది. పెరటి అరుగు దాటి లోపలికి రాకూడదు. వంటింటి ఛాయలకి రాకూడదు. తన మంచం దగ్గరికి అసలే రాకూడదు.

మేస్త్రీ ఆ షరతుల్లో సగం పాటించింది. వంటింట్లోకి రాలేదు గాని, గడప మీద గడ్డం ఆన్చి, కొలిచినట్టుగా ముక్కు మాత్రం లోపల పెట్టి పడుకునేది. ఆదివారం స్నానం చేయిస్తే అది తడిసేదానికన్నా ఇల్లు ఎక్కువ తడిసేది. తిరుమలరావు చెప్పుల జతలో ఒకదాన్నే నమిలి రెండోది వదిలేసేది. గ్యాస్ సిలిండరు కుర్రాళ్ళు ఎంతమంది మారినా ఒక్కడితోనూ రాజీ పడలేదు. పప్పులో వెంట్రుక కనిపిస్తే కూర్మమ్మ కంచం తోసేసేది. కాని ఝాన్సీ కూతురు, ఎనిమిదేళ్ళ హేమ బడి ఆటో ఎక్కేదాకా వీధి చివర నిలబడేది అదే. సాయంత్రం ఆటో చప్పుడు ఎవరికీ వినపడకముందే లేచి వెళ్ళేదీ అదే. జ్వరం వచ్చి హేమ పడుకున్న రోజున దాని కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

ఒకసారి కూర్మమ్మ అరుగు మీద కూర్చుని కునుకు తీస్తోంది. వేలాడుతున్న చేతిని మేస్త్రీ మెల్లగా వచ్చి నాకింది. ఆవిడ పెట్టిన కేకకి పక్కింటి నారాయణమ్మ గోడ మీదనుంచి తొంగిచూసింది. కూర్మమ్మ నూతి దగ్గరికి పరిగెత్తి, సబ్బు పెట్టి, ఆ చేతిని తోమీ తోమీ ఎర్రగా చేసుకుంది. ఝాన్సీ, హేమ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. “నాన్నమ్మకి ముద్దెట్టింది!” అని హేమ చప్పట్లు కొట్టింది. కూర్మమ్మ వాళ్ళ వైపు ఒక్క చూపు చూసి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ చూపు ఎలాంటిదో ఝాన్సీకి ఆ రోజు పట్టలేదు.

మే నెలలో, ఎండలు మండిపోతుండగా, విజయనగరంనుంచి ఫోను వచ్చింది. ఝాన్సీ చెల్లెలు గౌతమికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేర్చారు. తల్లి హైదరాబాదునుంచి వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండాలి. తిరుమలరావు దుకాణానికి తాళం వేశాడు. హేమకి ఎలాగూ సెలవులే. ముగ్గురూ బయల్దేరారు.

“అత్తా, మేస్త్రీకి పొద్దున్నా రాత్రీ ఇంత అన్నం, పెరుగు కలిపి పడేయి సాలు. నీళ్ళు తొట్టిలో పోస్తే అదే తాగుతాది. నీ దగ్గరికి రాకుండా కట్టేయమంటావా?”

కూర్మమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. “కట్టేస్తే రోజంతా అరుస్తాది. వదిలేయి. నాను దూరంనుంచే పడేస్తాను. నువ్వు ఎల్లు, ఆ పిల్లని సూడు.”

మొదటిరోజు ఆవిడ అన్న ప్రకారమే చేసింది. అరుగు మీదనుంచి అన్నం ముద్ద కంచంలోకి విసిరింది. మేస్త్రీ తినేసి, వీధి చివరికి వెళ్ళి, హేమ ఆటో కోసం చూసి చూసి తిరిగి వచ్చింది. ఖాళీ ఇంట్లో ఇద్దరే మిగిలారు, ఆవిడ అరుగు మీద, అది మెట్టు కింద.

మర్నాడు కూర్మమ్మ మామిడికాయలు కోసి, ఉప్పు పట్టించి, ఒరుగుల కోసం మేడ మీద చాప వేసి ఆరబెట్టింది. మధ్యాహ్నం కోతులు దిగాయి. ఏటా ఇదే రభస. కర్ర పట్టుకుని ఆవిడ మెట్లెక్కేలోగా సగం ఎత్తుకుపోయేవి. ఈసారి ఆవిడ కన్నా ముందు మేస్త్రీ మెట్లెక్కింది. పిట్టగోడ మీద కూర్చున్న పెద్ద కోతి పళ్ళు చూపించినా వెనక్కి తగ్గలేదు. గుంపు మొత్తం నారాయణమ్మగారి జామచెట్టు మీదికి పారిపోయింది. ఒక్క ముక్క పోలేదు. మేస్త్రీ చాప పక్కనే, ఆ ఎండలోనే, సాయంత్రందాకా కాపలా కూర్చుంది.

“ఓస్! మేస్త్రీ అనిపించుకున్నావు రా” అంది కూర్మమ్మ, మెట్ల మీదే ఆగి. దానితో ఆవిడ ఆడిన మొదటి మంచిమాట అదే.

ఆ సాయంత్రం నారాయణమ్మ అమ్మవారి పండగ వేటమాంసం కూర గిన్నెతో పంపింది. కూర్మమ్మ తను తిన్నాక, ముక్కలున్న ఎముకలు కొన్ని ఏరి కంచంలో వేసి పెరట్లోకి వచ్చింది. ఎప్పటిలా విసరలేదు. రెండు మెట్లు దిగి, చెయ్యి బాగా చాచి, కంచం కింద పెట్టి వెనక్కి వచ్చేసింది.  మేస్త్రీ ఆవురావురుమని తింటుంటే అరుగు మీద కూర్చుని చూసింది. “తిను. నీకు మాత్రం పండగ వద్దా ఏటి” అంది.

మరుసటి పొద్దున్న కుక్క లేచి తోక ఊపుతూ రాలేదు. నూతి గట్టు పక్కన తల వంచుకుని నిలబడి ఉంది. నోరు సగం తెరిచి ఉంది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. ముందుకాలితో మూతిని రుద్దుకుంటోంది. కూర్మమ్మ తొట్టిలో నీళ్ళు పోసింది. అది తొట్టి దాకా వచ్చి, మూతి నీళ్ళకి తగలగానే కుయ్యిమని వెనక్కి గెంతింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ గెంతింది.

కూర్మమ్మ చేతిలో బిందె జారి నేల మీద పడింది.

ఆ తరవాత ఏం చేసిందో ఆవిడకి సరిగా గుర్తు లేదు. పెరట్లో పాత పశువులశాల ఉంది. పశువులు లేవు గాని, దుకాణం సంచులు పెట్టుకుంటారు. పొడుగాటి కర్రతో అదిలిస్తూ కుక్కని అందులోకి తోలింది. అది ఎదురు తిరగలేదు. లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

ఆ రాత్రి ఝాన్సీ ఫోను చేసింది. “గౌతమికి ఆడపిల్ల అత్తా! బరువు తక్కువని అద్దాల పెట్టెలో ఎట్టారు గాని, పరవాలేదన్నారు. అక్కడ ఎలగున్నారు? మేస్త్రీ తింతన్నాదా?”

పశువులశాల తలుపు మీద గోళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. చెబితే ఝాన్సీ పరిగెత్తుకు వస్తుంది. వచ్చి కుక్కని ఒళ్ళో వేసుకుంటుంది. హేమ దాని మెడ కావలించుకుంటుంది. కూర్మమ్మ కళ్ళు మూసుకుంది.

“బాగానే ఉన్నాది. మీరు నెమ్మదిగా రండి” అంది.

వాళ్ళు వచ్చేసరికి, గొళ్ళెం వేసిన మూడోరోజు పొద్దెక్కింది. ఆటో దిగీ దిగకముందే హేమ “మేస్త్రీ!” అంటూ పెరట్లోకి పరిగెత్తింది. కూర్మమ్మ ఎదురు వెళ్ళి మనవరాలి రెక్క పట్టుకుని లాగేసింది.

“ఎల్లకు! ఎవలూ ఎల్లకండి! దానికి పిచ్చెక్కింది.”

“ఏటంటన్నావమ్మా?” అన్నాడు తిరుమలరావు, సంచీ అక్కడే వదిలేసి.

“సొంగ కారుస్తన్నాది. నీళ్ళు సూసి ఎనక్కి గెంతుతన్నాది. సాలలో ఎట్టి గొళ్ళెం ఏసేను. ఎవల్నైనా పిలిపించు. నాకు బయంగా ఉందిరా.”

ఝాన్సీ మొహం పాలిపోయింది. “ఎప్పుడేసావు గొళ్ళెం?”

కూర్మమ్మ పశువులశాల వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

“అత్తా, నాను ఫోను సేసినప్పుడు బాగానే ఉందన్నావు. అప్పటికే ఏసేసావా?” ఝాన్సీ గొంతు పెరిగింది. “ఈ ఎండల్లో, ఆ రేకుల కింద! మంచినీళ్ళైనా ఎట్టావా?”

“తాగితే కదే ఎట్టడానికి! నీళ్ళంటే బయపడిందంటే దాని అర్థం ఏటో నీకు తెల్దు. నాకు తెలుసు.”

“తెచ్చినప్పుడే దానికి పిచ్చెక్కకుండా ఇంజక్షన్ ఏయించాను. నీకూ సెప్పాను. అయినా నువ్వు నమ్మవు. అది ఈ గుమ్మం ఎక్కిన రోజునుంచీ నీకు కంటగింపే. మా నాన్న పోయాడు, ఆయన కుక్క కూడా పోతే నీకు మనసు సల్లబడతాది. అంతే కదా? సంపేద్దామనే ఏసావు గొళ్ళెం!”

“ఝాన్సీ!” అన్నాడు తిరుమలరావు.

 కూర్మమ్మ మనవరాలి రెక్క మాత్రం వదల్లేదు.

ఝాన్సీ వెళ్ళి గొళ్ళెం తీసింది. తిరుమలరావు కర్ర పట్టుకుని వెనకే నిలబడ్డాడు. లోపలినుంచి వేడి, వాసన ఒక్కసారిగా మొహాన కొట్టాయి. తలుపు చెక్క కింది భాగం గోళ్ళతో గీకి గీకి తెల్లగా అయిపోయింది. సంచుల మధ్య పడుకుని ఉన్న మేస్త్రీ తల ఎత్తలేదు. ఝాన్సీ పేరు పెట్టి పిలిస్తే, తోక చివర నేల మీద ఒకటి రెండుసార్లు ఆడింది.

గోనెపట్టాలో చుట్టి, దుకాణం ఆటోట్రాలీలో పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరు దుర్గాభవాని సంగతంతా విని, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముందు చేతులకి మందపాటి గ్లోవ్సు తొడుక్కుంది. మత్తు ఇచ్చి, నోరు తెరిచి, లైటు వేసి చూసింది. తరవాత పట్టకారు లోపలికి పెట్టి, చాలాసేపు కదిపి, వేలెడు పొడుగున్న ఎముక బయటికి తీసింది. పై దవడకి అడ్డంగా దిగబడి, చుట్టూ చీము పట్టి ఉంది.

“పిచ్చీ లేదు, ఏమీ లేదమ్మా. వండిన ఎముక పెళుసుగా ఉంటుంది. ముక్కలై ఇలా ఇరుక్కుంటుంది. మూతి తడిస్తే మంట. మింగలేదు. అందుకే చొంగ. చూసినవాళ్ళు ఎవరైనా మీ అత్తగారిలాగే భయపడతారు. దూరంగా ఉంచడం తప్పు కాదు. వెంటనే మాకు ఒక ఫోను చేసి ఉంటే...” అని ఆగింది. “నీళ్ళు లేకుండా ఈ ఎండలో ఉండిపోయింది. వయసైన కుక్క. కిడ్నీలు దెబ్బతిన్నట్టున్నాయి. చూద్దాం.”

ఇంటికి వచ్చేసరికి కూర్మమ్మ పెరటి మెట్టు మీద అలాగే కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. తిరుమలరావు కుక్కని అరుగు మీద పడుకోబెట్టాడు. ఝాన్సీ కాగితంలో చుట్టిన ఎముకని ఆవిడ ముందు పెట్టింది.

“ఇది ఇరుక్కుంది నోట్లో. పిచ్చి కాదు. ఎవలెట్టారత్తా దీన్ని?”

కూర్మమ్మ ఆ ఎముక వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది.

“నానే” అంది. “కోతుల్ని తోలింది. ఒక్క ఒరుగు పోనీలేదు. పోన్లే పాపమని, నానే దగ్గిరికెల్లి ఎట్టాను.”

 కూర్మమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు వెనకనుంచే మాటలు మొదలయ్యాయి. ఎవరితో చెబుతోందో తెలియనట్టు, నేల వైపు చూస్తూ చెప్పింది.

“నాకో తమ్ముడుండీవాడు. వీధికుక్క కరిసింది. పసరు పోయించేరు, దారం కట్టించేరు, తగ్గిపోయిందన్నారు. ఊడుపులైపోయాక ఒకనాడు నీళ్ళు తాగబోయి సెంబు ఇసిరేసాడు. అలగే సొంగ. ఊరోల్లు వచ్చి ఆడ్ని గదిలో ఎట్టి గొళ్ళెం ఏసేరు. అమ్మని కూడా ఎల్లనీలేదు. ఆడి అప్పని, అక్కని, నాను తలుపు ఇవతల కూకున్నాను. ‘అప్పా, గొళ్ళెం తియ్యవే. అప్పా, నాను కరవనే’ అని... రాత్రంతా తలుపు గోకాడు. తియ్యొద్దన్నారు. నాను తియ్యనేదు. సెవులు మూసుకున్నాను.”

తిరుమలరావు తల్లి పక్కన కూలబడ్డాడు. “అమ్మా, నాకెప్పుడూ సెప్పలేదేటి?”

“ఏటని సెప్పమంటావు? ఆడు పోయాక ఆ ఇంట్లో ఆడి పేరు ఎవలూ ఎత్తనేదు. మా అందరికీ బొడ్డు సుట్టూ సూదులు ఏయించేరు, అంతే.” ఆవిడ అరుగు మీది కుక్క వైపు చూసింది. “ఇదీ అలగే గోకింది. నాను మళ్ళీ సెవులు మూసుకున్నాను. హేమకేటైనా అయితే అనుకున్నాను గాని, ఓ ఫోనుముక్క సెప్పడానికి నోరు రాలేదు. నువ్వన్నది నిజవేనే ఝాన్సీ. సంపేసాను.”

 చీపురు అడ్డం పెట్టి గోడకి ఆనుకున్న కూర్మమ్మ, నూతి దగ్గర ఎర్రగా అయ్యేదాకా చెయ్యి తోముకున్న కూర్మమ్మ ఝాన్సీ కళ్ళ ముందు మెదిలింది. ఆ రోజు తను ఎంత నవ్వింది! ఆ నవ్వు ఇప్పుడు చెవుల్లో మోగుతుంటే భరించలేకపోయింది. అయినా ఆ పూట అత్త చెయ్యి పట్టుకోలేకపోయింది. లోపల ఇంకా మంట మండుతూనే ఉంది. లేచి, గ్లూకోజు నీళ్ళు కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరవాతి వారాలు ఆ ఇంట్లో మాటలు అవసరానికే జరిగాయి. మేస్త్రీ కోలుకున్నట్టే కనిపించి, మళ్ళీ నీరసించేది. రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైను ఎక్కించేవారు. షరతులన్నీ ఎవరూ చెప్పకుండానే రద్దయిపోయాయి. కుక్క ఇప్పుడు హాల్లో, ఫ్యాను కింద పడుకుంటోంది.

ఒక పొద్దున్న ఝాన్సీ స్నానం చేసి వస్తూ తలుపు దగ్గర ఆగిపోయింది. కూర్మమ్మ నేల మీద చతికిలబడి, గిన్నెలో చల్లారిన గంజి చెంచాతో మేస్త్రీ నోటికి అందిస్తోంది. కుక్క ఆవిడని చూసి ఒళ్ళు ముడుచుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఒకప్పుడు చీపురు చూపించినా ఆవిడ మీదికే ఉరికేది. కూర్మమ్మ చెయ్యి గడగడా వణుకుతోంది. సగం గంజి నేల మీదే ఒలుకుతోంది. నుదుటి మీద చెమటలు పట్టాయి. ఆవిడ భయం ఎక్కడికీ పోలేదు. ఆ భయంతోనే కూర్చుని ఉంది.

“తాగు నాయనా. నాను తిట్టనులే. ఒక్క సెంచా.”

ఝాన్సీ వచ్చి పక్కన కూర్చుంది. వణుకుతున్న ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి ఆపింది. ఇద్దరూ కలిసి చెంచా ముందుకి జరిపారు. మేస్త్రీ చాలాసేపు కదలలేదు. తరవాత తల తిప్పి, వాసన చూసి, కాస్త నాకింది. కూర్మమ్మ వేళ్ళకి దాని నాలుక తగిలింది. ఆవిడ ఉలిక్కిపడింది. కాని చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“బయమేస్తే ఎల్లిపో అత్తా, నాను పడతాను” అంది ఝాన్సీ మెల్లగా.

“ఏస్తన్నాది. అయినా ఉంటానే.”

తొలకరి వానలు పడ్డాక, నాట్లు మొదలైన రోజుల్లో, మేస్త్రీ చనిపోయింది. ఆ మధ్యాహ్నం హేమ బడిలో ఉంది. తిరుమలరావు దుకాణంలో ఉన్నాడు. అత్తా కోడలూ చెరోవైపు కూర్చుని ఉండగా, ఊపిరి ఒక్కొక్కటిగా నెమ్మదించి ఆగిపోయింది. ముందు ఏడ్చింది కూర్మమ్మే. నారాయణమ్మ గోడ మీదనుంచి, “ఓలమ్మ, కుక్కకేటే అంత ఏడుపు!” అంటే, “నీకు తెల్దులే” అని మాత్రం అంది.

సాయంత్రం అప్పలసూరి పొలానికి తీసుకువెళ్ళారు. కౌలు రైతు గట్టు చివర గొయ్యి తీసి పెట్టాడు. హేమ తండ్రి నడుం పట్టుకుని వెక్కుతోంది. ఎవరు వద్దన్నా వినకుండా కూర్మమ్మ, జారే గట్టు మీద కొడుకు భుజం ఆసరాగా నడిచి వచ్చి, తన చేత్తో మట్టి వేసింది.

అందరూ ట్రాలీ దగ్గరికి వెళ్ళిపోయాక ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఝాన్సీ వెనక్కి వచ్చింది. సన్నగా జల్లు మొదలైంది. ఆవిడ తల మీద తన కొంగు కప్పింది.

“ఆ రోజు నాను అన్న మాట...”

“అన్నావు. అననీ. నీ కడుపు మండింది.”

“నువ్వు దాన్ని సూసి గోడకి అంటుకుపోయేదానివి. రోజూ సూసేదాన్ని. ఎందుకత్తా అని ఒక్కసారైనా అడగలేదు. అడిగుంటే దాన్ని నీ మీద వదిలేసి ఎల్లేదాన్ని కాదు. అది బతికుండేది.”

కూర్మమ్మ కాదనలేదు, అవుననీ అనలేదు. కొత్తగా నాటిన మడిలో వాన చినుకులు పడుతుంటే చూస్తూ నిలబడింది. ఝాన్సీ అడిగింది.

“మీ తమ్ముడి పేరేటత్తా?”

 ఆ పేరు పలికి ఎన్నేళ్ళైందో, గొంతులోనుంచి రావడానికి సమయం పట్టింది.

“జగ్గప్పడు” అంది. “నా ఎనకే తిరిగీవాడు. నాను ఏరుకెల్తే ఏరుకీ, కట్టెలకెల్తే కట్టెలకీ. ఒకసారేటైనాదంటే...”

తిరుమలరావు ట్రాలీ దగ్గరనుంచి వాన పెద్దదవుతోందని కేక వేశాడు. ఝాన్సీ వస్తున్నామన్నట్టు చెయ్యి ఊపింది గాని, కదలలేదు. “సెప్పు అత్తా” అంది. కూర్మమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, గట్టు మీద నెమ్మదిగా అడుగులు వేస్తూ, చెప్పడం మొదలుపెట్టింది.